పేట చరిత్ర వాగు దగ్గర మొదలవుతుంది



మన సంఘానికి యాభై ఏళ్లు నిండిన సందర్భంలో నన్నూ నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను జి.కొండూరులో చదువుకుని, బెజవాడ సింగ్ నగర్‌లో కాపురం పెట్టినవాణ్ణి. మనవాళ్లు చాలామంది అటే స్థిరపడ్డారు. ఆ పేట చరిత్ర తెలుసుకుందామని బయలుదేరితే, దారి తిరిగి తిరిగి మన మండలానికే వచ్చింది. ఆ సంగతే చెబుతాను.

చరిత్ర అనగానే మనకు కొండపల్లి ఖిల్లా, జగ్గయ్యపేట బౌద్ధ స్తూపం గుర్తొస్తాయి. సింగ్ నగర్‌లో ఏముంది, అన్నీ నిన్నమొన్నటి ఇళ్లేగా అంటారు. కానీ అక్కడి పేర్లే చాలా చెబుతాయి. పక్కనున్న కుందావారి కండ్రిక పేరు వినండి. కండ్రిక అన్నది పల్లెటూరి భూముల లెక్కల్లోని మాట. బెజవాడ మున్సిపాలిటీ 1888లో ఏర్పడింది, 1981లో కార్పొరేషన్ అయింది. కండ్రిక, పాయకాపురం లాంటి ఊళ్లు ఆ తర్వాతే నగరంలో కలిశాయి. ఇక వాంబే కాలనీ. అది ఏ నాయకుడి పేరూ కాదు. పేదల ఇళ్ల కోసం 2001లో కేంద్రం తెచ్చిన వాల్మీకి అంబేద్కర్ ఆవాస్ యోజనకు పొట్టి పేరు. పల్లె, పట్నం, పథకం, మూడూ ఒక్క నడక దూరంలో కనిపిస్తాయి.

ఇన్ని కాలనీలు పక్కపక్కనే వచ్చినచోట ఒకటి మాత్రం వీటన్నిటికంటే పాతది. అది బుడమేరు. మైలవరం వైపు కొండల్లో పుట్టి, మన మండలం మీదుగా బెజవాడ ఉత్తరపు అంచున పారి, కొల్లేట్లో కలుస్తుంది. దాన్ని బెజవాడ దుఃఖదాయని అనడం మీరు వినే ఉంటారు. ఆ వరద నగరం మీద పడకుండా వెలగలేరు దగ్గర రెగ్యులేటర్ కట్టి, డైవర్షన్ కాలువ తవ్వి, నీళ్లను ఇబ్రహీంపట్నం వైపు కృష్ణలోకి మళ్లించారు.

2024 సెప్టెంబరు మొదట్లో ఏమైందో మీకు తెలుసు. ప్రకాశం బ్యారేజీ దగ్గర వరద 11 లక్షల క్యూసెక్కులు దాటింది. కృష్ణే నిండుగా ఉంటే కాలువ నీళ్లు అందులోకి సరిగా దిగవు. అదే సమయంలో కవులూరు వైపు డైవర్షన్ కాలువ ఎడమ గట్టుకు మూడు గండ్లు పడ్డాయి. మళ్లించిన నీళ్లు మళ్లీ పాత బుడమేరు దారే పట్టాయి. సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. సైన్యం వచ్చి చెయ్యి వేస్తేగానీ చివరి గండి పూడలేదు.

మనుషులు దారి మరిచిపోతారు గానీ నీళ్లు మరిచిపోవు. స్థలం కొనేటప్పుడు దక్షిణం వీధా, తూర్పు వీధా అని అడుగుతాం. ఇక్కడ పూర్వం ఏముండేది, వానొస్తే నీళ్లు ఎటు పోయేవి అని అడగం. ఈ రెండు ప్రశ్నలకు జవాబే స్థానిక చరిత్ర. అది పరీక్షలో రాకపోవచ్చు, ఇల్లు మాత్రం నిలబెడుతుంది.

అందుకని గురువులకు ఒక మనవి. తొమ్మిదో తరగతి పిల్లలకు ఈ ఏడాది ఒక పని అప్పగించండి. తాతయ్యల్ని, అమ్మమ్మల్ని అడిగి, తమ ఊరి వాగు, చెరువు, అలుగు, చప్టా పేర్లు రాసుకురమ్మనండి. ఏ ఏడు నీళ్లు ఎంతవరకు వచ్చాయో, ఏ గోడ మీద మరక ఉందో గుర్తు పెట్టమనండి. కవులూరు, వెలగలేరు పిల్లలు ఒక కొస నుంచి రాస్తే, బెజవాడలో ఉన్న మేం రెండో కొస నుంచి రాస్తాం. రెండూ కలిపి ఒక పటం గీయించి మన బడి గోడకు తగిలిద్దాం. అందుకయ్యే ఖర్చు సంఘం భరించాలని కోరుతున్నాను.

ఆ సంగతులు తెలిసిన పెద్దలు ఏడాదికేడాది తగ్గిపోతున్నారు. వాళ్లుండగానే అడుగుదాం.