యంత్రం కంటే ముందు మనిషికి తర్ఫీదు
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



కృత్రిమ మేధ అనగానే అది హైదరాబాదు, బెంగుళూరు సంగతి, మన నెల్లూరు తీరానికి దానితో ఏం పని అని కొందరనుకుంటారు. కాని అది మన రొయ్యల చెరువు గట్టు దాకా వచ్చేసింది. విజయవాడలో 2012లో మొదలైన ఈరువాక టెక్నాలజీస్ సంస్థ, చెరువు నీటిలో ప్రాణవాయువు ఎంతుందో కొలిచి రైతు ఫోనుకు చెప్పే పరికరం తయారుచేసింది. రొయ్యలు మేత కొరికే చప్పుడు విని, వాటి ఆకలినిబట్టి మేత వేసే యంత్రాలు వచ్చాయి. కెమెరాతో రొయ్య సైజు చూసి వేరుచేసే యంత్రాలూ ఉన్నాయి.

మరి తెప్ప మీద తిరిగి మేత చల్లి, చెక్ ట్రే ఎత్తి చూసే కుర్రవాడి గతి ఏమిటి? పీలింగ్ షెడ్డులో ఐసునీళ్ళలో చేతులు పెట్టి రొయ్య ఒలిచే అక్కచెల్లెళ్ళ మాటేమిటి? ఈ ప్రశ్నకు జవాబు చెప్పవలసింది యంత్రం కాదు, కంపెనీలోని మానవ వనరుల విభాగం. పూర్వం దీన్నే పర్సనల్ డిపార్టుమెంటు అనేవాళ్ళం. హాజరు వేసి, జీతం లెక్కగట్టడంతో దాని పని తీరిపోదు.

మన రైతుల అనుభవమే చూడండి. 1990 దశకం నడుమ తెల్లమచ్చ రోగం టైగర్ రొయ్యను దెబ్బతీసింది. 2009లో వెనామీ సాగుకు అనుమతి వచ్చింది. చెరువులు అవే, సాగు పద్ధతి మాత్రం మారింది. కొత్త పద్ధతి నేర్చుకున్నవాడు నిలదొక్కుకున్నాడు. నేర్పేవాడు లేనివాడు వెనకబడ్డాడు. కార్మికుడి విషయమూ అంతే.

అందుచేత మానవ వనరుల అధికారులకు నా మనవి నాలుగు ముక్కల్లో చెబుతాను. ఒకటి, యంత్రం దిగేనాటికి కాదు, కొనాలనుకున్ననాడే కార్మికులకు చెప్పండి. రెండు, తర్ఫీదు పనిగంటల్లోనే, జీతం కోత లేకుండా, వాళ్ళకు తెలిసిన తెలుగులో, ఉర్దూలో ఇవ్వండి. మేత చల్లినవాడికి రొయ్య నడత తెలుసు. మీటరు చదవడం నేర్పితే యంత్రం తప్పు చెప్పినప్పుడు పట్టుకునేది వాడే. మూడు, కాంట్రాక్టరు కింద పనిచేసే ఆడవాళ్ళనూ ఆ తర్ఫీదులో చేర్చండి. నాలుగు, ఉద్యోగానికి మనుషుల్ని ఎంచే పని పూర్తిగా కంప్యూటరుకు వదలకండి. అమెజాన్ తయారుచేయించిన అలాంటి సాధనం ఆడవాళ్ళ దరఖాస్తులను తక్కువచేసి చూసిందని 2018లో బయటపడింది. ఆ సంస్థ దాన్ని పక్కన పెట్టేసింది. పాత దరఖాస్తుల్లో మగవాళ్ళే ఎక్కువ, యంత్రం దాన్నే పాఠంగా నేర్చుకుంది. రేపు పేరునుబట్టి, పేటనుబట్టి అలా జరగదని హామీ ఏది? చివరి మాట మనిషిదే కావాలి.

2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లో ఒక నిధి ఉంది. తొలగించిన కార్మికుడికి కొత్త పని నేర్చుకోవడానికని 15 రోజుల వేతనానికి సమానమైన సొమ్ము యజమాని కట్టాలి. అది 45 రోజుల్లోగా కార్మికుడి ఖాతాలో పడాలి. మంచిదే. కాని 15 రోజుల కూలితో ఇల్లు గడుపుకుంటాడా, కొత్త విద్య నేర్చుకుంటాడా? పని పోయాక ఇచ్చే సొమ్ము కంటే, పని ఉండగా నేర్పే విద్య మేలు.

మనవంతు పనీ ఉంది. మన పేటల్లో ఎవరికి ఏ పని వచ్చో, ఏది నేర్చుకోవాలనుందో ఒక పట్టిక రాద్దాం. ఐ.టి.ఐ. చదివిన పిల్లలను 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద కంపెనీల్లో చేర్చేందుకు సాయపడదాం. ఆ పట్టిక చేతబట్టుకొని మన సొసైటీ తరపున కృష్ణపట్నం వైపు కంపెనీల అధికారులను కలుద్దాం. మనం అడగనిది ఎవరూ తెచ్చి ఇవ్వరు.