హెబ్బాళమున ఒకే కప్పు క్రింద ఒక స్టేషను

(మన సంఘ సర్వసభ్య సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



మన సమావేశములందు తెలుగు పాఠశాలలను గూర్చియు, గ్రంథాలయమును గూర్చియు, ఉగాది ఉత్సవమును గూర్చియు మాటలాడుకొనుట వాడుక. నేడు మేము ఒక రైలు స్టేషనును గూర్చి మాటలాడుటకు లేచితిమి. “ఇది మన సంఘము పనియా?” యని కొందరు పెద్దలు ముందుగనే మమ్ము ప్రశ్నించిరి. మన పనియే యని మనవి చేయుటకే ఈ నాలుగు మాటలు.

మేము మెట్రిక్యులేషనుతో చదువు చాలించి అంగడిలో కూర్చున్నవారము. ఇంజనీరింగు శాస్త్రము మాకు రాదు. కాని సరకు ఒక ఊరినుండి మరియొక ఊరికి ఎట్లు పోవునో, ఎచ్చట నిలిచిపోవునో ఇరువది యేండ్లకు పైగా చూచుచున్నాము. చిక్కపేట, బళేపేట, నగరత్తపేట వీధులలో వ్యాపారము చేయు మనవారికెల్ల తెలిసిన సంగతి ఒకటి కలదు. బట్టల బేలు ఎంత దూరము పోయినను అంతగా చెడదు. దారిలో ఎన్నిమార్లు దింపి ఎత్తిరో అన్నిమార్లు చెడును. దింపినపుడు కూలి, ఎత్తినపుడు మరల కూలి. నడుమ వాన తగులును, గుర్తు చెరుగును, లెక్క తప్పును. మనుష్యుల ప్రయాణము కూడ ఇట్టిదే.

మా పెదనాన్నగారును పెద్దమ్మగారును కొన్నాళ్ల క్రిందట మనుమని నామకరణమునకై విమానమెక్క బయలుదేరిరి. ఇద్దరికిని డెబ్బది యేండ్లు దాటినవి. నగరమునకు పడమట నున్న ఇంటినుండి ఆటోలో ఒక రైలు స్టేషనుకు వచ్చిరి. రైలు దిగినచోట మెట్లు తప్ప మరియొక దారి లేదు. రెండు పెట్టెలతో వంతెన యెక్కి, దిగి, రోడ్డు దాటి, విమానాశ్రయపు బస్సు నిలుచు తావు వెదకుచు ఎండలో నడిచిరి. బస్సు రోడ్డు కూడలిలో ముప్పావుగంట కదలలేదు. విమానము వెడలిపోయినది. టిక్కెట్టు సొమ్ము పోయిన పోవుగాక. మనుమనికి పేరు పెట్టు వేళకు వారు లేకపోయిరి. ఆ ముచ్చట మరల వచ్చునది కాదు. వారిని ఆపినది దూరము కాదు. నాలుగుమార్లు దింపి ఎత్తుటయే వారిని ఆపినది.

ఇక అసలు సంగతికి వచ్చెదము. 2008 మే మాసమున దేవనహళ్లి వద్ద క్రొత్త విమానాశ్రయము ప్రారంభమైనది. ఊరిలోని హెచ్.ఏ.ఎల్. విమానాశ్రయమునుండి ప్రయాణికుల విమానములు నాటితో నిలిచిపోయినవి. క్రొత్తది నగరమధ్యమునకు రమారమి 35 కిలోమీటర్లు. 2024-25 సంవత్సరమున నాలుగు కోట్లకు పైబడిన ప్రయాణికులు దానిని వాడుకొనిరి. వీరిలో అత్యధికులు బళ్లారి రోడ్డుమీదనే పోవుచున్నారు. ఆ రోడ్డును ఔటర్ రింగు రోడ్డు కలియు తావే హెబ్బాళము. చిక్కబళ్లాపురము, బాగేపల్లి మీదుగా అనంతపురము, కర్నూలు, హైదరాబాదులకు పోవు జాతీయ రహదారి కూడ అదే. మన బంధువులు పండుగకు వచ్చినను, పెండ్లికి వచ్చినను ఆ కూడలిలో నిలువక ఊరు చేరలేరు.

ఇప్పుడు ఆ హెబ్బాళమునకు ఎన్ని దారులు వచ్చుచున్నవో లెక్కింపుడు. యశ్వంతపురము వైపునుండి బాణసవాడి వైపు పోవు రైలు మార్గము, దానిపై హెబ్బాళ స్టేషను ఇదివరకే కలవు. 2020లో కేంద్రప్రభుత్వము ఆమోదించిన 148 కిలోమీటర్ల ఉపనగర రైలు పథకములో నాలుగు మార్గములు కలవు. వానికి సంపిగె, మల్లిగె, పారిజాత, కనక యని పూలపేర్లు పెట్టిరి. వానిలో బయ్యప్పనహళ్లినుండి చిక్కబాణావరమునకు పోవు మల్లిగె మార్గము హెబ్బాళము మీదుగా పోవును. 2021లో ఆమోదము పొందిన మెట్రో నీలి మార్గము సిల్కుబోర్డునుండి కృష్ణరాజపురము, హెబ్బాళముల మీదుగా విమానాశ్రయమునకు పోవును. దాని మొత్తము పొడవు 58 కిలోమీటర్లు. 2024లో ఆమోదింపబడిన నారింజ మార్గము జయప్రకాశ్‌నగరము వైపునుండి పడమటి రింగు రోడ్డు వెంబడి వచ్చి హెబ్బాళమును తాకి కెంపాపురమున ముగియును. సర్జాపురమునుండి హెబ్బాళమునకు మరియొక మెట్రో మార్గము ప్రతిపాదనలో కలదు. వీనికి తోడు ఊరి బస్సులును, పై ఊళ్ల బస్సులును.

ఇన్ని దారులు ఒక తావునకు వచ్చుట అదృష్టమే. కాని రైల్వేవారు వేరు, ఉపనగర రైలువారు వేరు, మెట్రోవారు వేరు, బస్సులవారు వేరు. ఎవరి పని వారు చక్కగా చేసినను, ఎవరి స్టేషను వారు కట్టుకొన్నచో మనకు నాలుగు స్టేషనులు వచ్చును. ఒక్క కూడలి రాదు. నలుగురన్నదమ్ములు ఒకే పెరటిలో నాలుగు బావులు త్రవ్వుకొని, నడుమ గోడలు పెట్టుకొన్నట్లగును.

ఇది ఊహించి చెప్పుచున్న భయము కాదు. చిక్కబళ్లాపురము, చింతామణి, కోలారు ప్రాంతములనుండి వచ్చిన మనవారు ఇచ్చట అనేకులు కలరు. యలహంకనుండి ఆ ఊళ్లకు పోవు రైలు దారి విమానాశ్రయపు సరిహద్దును ఒరసికొని పోవుచున్నది. ఒకప్పుడది చిన్న పట్టాల దారి. 2013 నాటికి కోలారు వరకు పెద్ద పట్టాలకు మారినది. 2021 జనవరిలో విమానాశ్రయము ప్రక్కన దానిపై ఒక హాల్టు స్టేషనును ప్రారంభించిరి. పట్టాలు ఉన్నవి, స్టేషను ఉన్నది, టెర్మినలు కొన్ని కిలోమీటర్లలోనే ఉన్నది. అయినను విమానమెక్కువారిలో దానిని వాడుకొనువారు స్వల్పము. అది ఒంటి పట్టాల దారి యగుటచే విమానముల వేళలకు తగినన్ని రైళ్లు నడుపుట కష్టము. రైలు దిగినవారు మరల బస్సు ఎక్కవలెను. ఆ బస్సు ఎక్కు సందేహముతోనే అనేకులు ఇంటివద్దనే కారు పిలుచుచున్నారు. ఎనిమిది మూరల త్రాటికి ఒక మూర తక్కువైనను బావిలో నీరు అందదు గదా!

ఇక మంచి యుదాహరణము చెన్నపట్టణమున కలదు. అచ్చట విమానాశ్రయమునకు ఎదుటనే తిరుశూలము రైలు స్టేషను పూర్వమునుండియు ఉన్నది. 2016లో మెట్రో విమానాశ్రయమునకు వచ్చినది. అదే సంవత్సరము పరంగిమలై యందు మెట్రో స్టేషనును పాత లోకలు రైలు స్టేషనుతో కలిపి తెరచిరి. తాంబరము వైపునుండి లోకలులో వచ్చినవాడు రోడ్డెక్కకయే మెట్రో అందుకొనవచ్చును. పొరుగూరివారు చేసిన పని మనయూర సాధ్యము కాదనుటకు కారణము కానరాదు.

కావున మేము ప్రతిపాదించునది ఇది. హెబ్బాళమున అన్ని మార్గములకును కలిపి ఒకే స్టేషను ఉండవలెను. దిగిన వేదికనుండి ఎక్కు వేదికకు కప్పు క్రిందనే, మెట్లు లేని దారిని, ముసలివారు పెట్టె లాగికొని పోగలుగవలెను. ఒక్క టిక్కెట్టుతో రైలు, మెట్రో, బస్సు మూడును సాగవలెను. విమానముల వేళలు అచ్చటనే బోర్డుపై కనబడవలెను. తెల్లవారుజామున పోవు విమానములకు అందునట్లు మొదటి బండ్లు నడువవలెను. విమానాశ్రయపు హాల్టునకు రెండవ పట్టా వేసి, టెర్మినలువరకు తడవ లేని బండి కల్పించి, చిక్కబళ్లాపురము దిక్కువారు హెబ్బాళము వరకు వచ్చి మరల వెనుకకు పోవు శ్రమ తప్పింపవలెను.

ఆక్షేపణలు లేకపోలేదు. మొదటిది నేల. ఇట్టి కేంద్రమునకై హెబ్బాళమున 45 ఎకరములు కావలెనని మెట్రో సంస్థ 2024లో ప్రభుత్వమును కోరినది. ఆ తావు విలువ ఎంతో వర్తకులమైన మనకు వేరుగా చెప్పనక్కరలేదు. నేడు ఆ నేల ఇతర నిర్మాణములకు పోయినచో రేపు ఎంత ధనము పోసినను కూడలిలో నేల పుట్టదు. స్టేషను తరువాత కట్టవచ్చును. నేల మాత్రము ఇప్పుడే నిలుపుకొనవలెను. తొందరయంతయు ఇందుకే.

రెండవది హెబ్బాళ చెరువు. స్టేషను పేరిట చెరువు కట్టనుగాని, నీటి కాలువలనుగాని ముట్టుటకు మనము ఒప్పుకొనరాదు. వాననీరు పోవు దారి మూసిన కట్టడము మొదటి వానకే పాడగును.

మూడవది మనలోనే వచ్చిన మాట. స్టేషను బోర్డులపై తెలుగు కూడ వ్రాయింపవలెనని కొందరు యువకులు కోరుచున్నారు. వారి భాషాభిమానమునకు సంతోషము. కాని మా అభిప్రాయము వేరు. తరతరములుగా ఈ నేల నీరు త్రాగినవారము. ఈ రాష్ట్రపు భాష కన్నడము. మన పిల్లలు దానిని చదువుచున్నారు. లిపులు అక్కచెల్లెండ్రవలె నుండుటచే మన పెద్దలు కూడ కూడబలుకుకొని చదువగలరు. తెలుగును ఇంటిలోను, బడిలోను, మన పత్రికలోను నిలుపుకొందము. స్టేషనులో మాత్రము ఏ భాష వారికైనను తెలియు బొమ్మ గుర్తులు, పెద్ద అంకెలు, నేలపై రంగు గీతలు, అడిగినచో దారి చూపు ఒక మనిషి కావలెనని అడుగుదము. అది తమిళునకును, ఒరియా కూలివానికిని, చదువురాని మన అవ్వకును సమానముగా ఉపకరించును.

ఇందుకే ఇది మన సంఘపు పనియని మేము అనుట. అల్పసంఖ్యాకులము ఎల్లప్పుడును మనకు మాత్రమే కావలసినదానిని అడుగుచుండినచో ఇరుగుపొరుగువారు మనలను అతిథులుగానే చూతురు. అందరికి కావలసినదానిని అందరితో కలిసి అడిగిననాడు ఇంటివారుగా చూతురు.

మహజరును కన్నడమున వ్రాయించితిమి. పై కోరికలన్నియు అందు కలవు. సంతకముల పుస్తకము ద్వారమువద్ద నున్నది. మీ మీ వీధులలోని కన్నడ, తమిళ, ఉర్దూ సోదరుల సంతకములు కూడ చేర్పించుడు. పది రోజులలో దానిని ప్రభుత్వమునకును, నాలుగు సంస్థలకును ప్రత్యేకముగా పంపుదుము. వచ్చిన ప్రత్యుత్తరములను మన పత్రికలో ప్రకటింతుము.

మా పెదనాన్నగారు ఈ సభలో ముందు వరుసలోనే కూర్చున్నారు. మనుమడు ఇప్పుడు నడుచుచున్నాడట. మొదటి సంతకము వారే చేసిరి. రెండవది మేము చేసితిమి. మూడవదానికి చోటు ఖాళీగా నున్నది.