మనలను ఎరిగినవాడు
(రేడియో ప్రసంగ పాఠము)

ఈ దినము మన ధ్యానమునకు ఆధారము లూకా సువార్త 19వ అధ్యాయము, మొదటి పది వచనములు.

హైదరాబాదులో రాయదుర్గం మెట్రో స్టేషను 2019 నవంబరులో తెరిచారు. సాయంకాలము ఆఫీసులు వదిలిన వేళ అక్కడ నిలబడి చూడండి. ఎందరో తలలు వంచుకొని ఉంటారు. ప్రార్థనలో కాదు, సెల్‌ఫోనులో! ఒక వస్తువు చూడగానే, మీకు ఇవి కూడా నచ్చవచ్చునంటూ మరి నాలుగు వస్తువులు కనబడతాయి. వాటిని ఎంచి పెట్టేది మనిషి కాదు, ఒక సాఫ్ట్‌వేరు. మనము ఏమి చూశామో, ఏది కొన్నామో, ఏది బుట్టలో వేసి వదిలేశామో గుర్తు పెట్టుకొని, రేపు ఏమి కొంటామో లెక్క కడుతుంది.

ఇది నిన్న మొన్నటి సంగతి కాదు. 1994లో అమెరికాలోని ఎమ్.ఐ.టి. విద్యాసంస్థలో రింగో అనే ప్రోగ్రాము తయారుచేశారు. మనకు నచ్చిన సంగీతానికి మార్కులు వేసి పంపితే, మనవంటి అభిరుచి గలవారిని వెదకి, వారు మెచ్చినది మనకు చెప్పేది. ఇది కొన్నవారు ఇంకేమి కొన్నారని వస్తువులనే పోల్చి చూసే పద్ధతిని అమెజాన్ ఇంజనీరులు 2003లో ప్రచురించారు. ఆ సంస్థ పెద్ద భవనము 2019లో రాయదుర్గానికి దగ్గరలోనే, నానక్‌రామ్‌గూడలో ప్రారంభమైనది.

ఆ ప్రాంతములోనే వేరొక కంపెనీలో ఇటువంటి పని చేసే ఒక సహోదరి, ఆరాధన ముగిసిన తరువాత నాతో ఇలా చెప్పింది: "అయ్యగారూ, నేను దిగులుగా ఉన్న రాత్రులు ఏమి కొంటానో నా ఫోనుకు తెలుసండీ. మంచం కింద విప్పని పార్శిళ్లు ఉన్నాయి. కార్డు బిల్లు కట్టలేకపోతున్నాను. ఇంట్లో ఎవరికీ తెలియదు. దానికి మాత్రం తెలుసు."

శ్రోతలారా, నాకు సిగ్గు వేసింది. ప్రతి ఆదివారము ఆ బిడ్డను చూస్తున్నాము. ఆమె దిగులు ఫోను పసిగట్టింది, సంఘము పసిగట్టలేదు!

ఇప్పుడు యెరికోకు రండి. జక్కయ్య సుంకపు గుత్తదారుడు. ఊరంతటికి అతని లెక్క తెలుసు. నిన్న అన్యాయముగా తీసుకొన్నవాడు రేపు కూడా తీసుకొంటాడు. ఊరివారి లెక్కలో తప్పు లేదు. సాఫ్ట్‌వేరు లెక్క కూడా అంతే. నీవు నిన్న చేసినదానిని, నీవంటివారు చేసినదానిని బట్టి రేపటి నిన్ను కొలుస్తుంది. మారుమనస్సు ఆ లెక్కకు ముందుగా అందదు.

అయితే యేసు మేడిచెట్టు వైపు తలెత్తి, అతనిని పేరు పెట్టి పిలిచాడు, అతని ఇంటికే వెళ్లాడు. ఆ దినమే జక్కయ్య తన ఆస్తిలో సగము బీదలకిచ్చుటకు, అన్యాయముగా తీసుకొన్నదానికి నాలుగంతలు తిరిగి చెల్లించుటకు ఒప్పుకొన్నాడు. ఏ లెక్క దీనిని ముందే చెప్పగలదు?

మన అలవాట్లను ఎరుగుట వేరు, మన అక్కరను ఎరుగుట వేరు. మనము అడుగకమునుపే మన అక్కర తండ్రికి తెలియునని మత్తయి 6వ అధ్యాయములో ప్రభువు బోధించాడు. మరి ఆ సహోదరి చేసే ఉద్యోగము పాపమా? కాదు. మా ఊరి కిరాణా కొట్టు శెట్టిగారికి కూడా ఎవరింట ఏమి కావాలో తెలుసు. కాని "ఇది మీకు వద్దులేమ్మా" అని చెప్పే మనసు ఆయనకుండేది. పొరుగువాని గురించి మనకు తెలిసినది అతని మేలుకు వాడుతున్నామా, అతని బలహీనత మీద బేరము చేస్తున్నామా? ఆ పని చేసే బిడ్డలు దేవుని ఎదుట తమ్మును తాము ఇది అడుగుకోవాలి.

ఈ రాత్రి చెయ్యి ఫోను మీదికి పోయినప్పుడు, ఆ వస్తువును ఉదయము వరకు బుట్టలోనే ఉండనివ్వండి. మీ దిగులును మొదట ప్రభువుతో చెప్పండి, తరువాత ఒక విశ్వాసితో చెప్పండి. ఆ సహోదరి అప్పు ఇంకా తీరలేదు. కాని ప్రతి బుధవారము ఇద్దరు సహోదరీలు ఆమె ఇంట కూర్చుండి ప్రార్థిస్తున్నారు. ఆమె ఇప్పుడు ఒంటరి కాదు.

ప్రార్థన: పరలోకపు తండ్రీ, మమ్మును పూర్తిగా ఎరిగియు ప్రేమించుచున్నందుకు స్తోత్రము. మా పక్కన కూర్చున్నవారి దిగులును కనిపెట్టే కన్నులు మాకు దయచేయుము. యేసు నామమున వేడుచున్నాము తండ్రీ, ఆమేన్.