మల్లెల తీర్థము - అడవి చూపు జమాఖర్చు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



జలపాతమును చూడబోయినవాడు నీటిని చూచి వచ్చును. వానలు వెలిసిన పిదపకూడ ఆ నీరు ఎక్కడినుండి వచ్చుచున్నదో విచారించి వచ్చువాడు అరుదు. నల్లమల అడవిలోని మల్లెల తీర్థమును గూర్చి నేడు ఇచ్చట చెప్పవలసినది ఆ విచారణయే.

దేవరకొండనుండి మల్లెల తీర్థమునకు ఒక్క పగటిలో పోయి రావచ్చును. తెల్లవారకముందే బయలుదేరినవారు డిండి చేరి హైదరాబాదు - శ్రీశైలము రహదారిని పట్టుదురు. డిండి వాగు దాటిన పిదప నల్లగొండ జిల్లా ముగియును. అవతలి సీమ పూర్వము మహబూబునగరు జిల్లాలోనిది. 2016 నుండి నాగరుకర్నూలు జిల్లాలోనిది. చెలకలన్నియు వెనుకబడిన పిదప మన్ననూరువద్ద అడవి గేటు ఎదురగును. అచ్చటినుండి దారి కొండనెక్కి, ఫరహాబాదు మీదుగా వటవర్లపల్లికి పోవును. ఆ పల్లె సమీపమున రహదారిని వదలి అడవిదారిని కొన్ని మైళ్లు పోయినచో తీర్థపు మెట్లు కనబడును. దిగవలసిన మెట్లు సుమారు 350.

మెట్లు దిగుచుండగా ఎండ తగ్గును, గాలి చల్లబడును, నీటి చప్పుడు చెవిని బడును. క్రిందికి చేరినవారికి కొండచఱియనుండి మడుగులోనికి దుముకు ధార దర్శనమగును. ఆ నీరు సెలయేరై పారి తుదకు కృష్ణలో కలియును. పూర్వము మునులు ఇచ్చట శివుని గూర్చి తపస్సు చేసిరని పెద్దలు చెప్పుదురు. అయితే మెట్ట పొలముల రైతు అచ్చట నిలిచి మొదట అనుమాట వేఱొకటి: "అయ్యో, ఇంత నీరు ఊరికే పోవుచున్నదే!" బావి యెండిన బాధ యెఱిగినవాని నోట ఆ మాట సహజము. కాని ఆ నీరు ఊరికే పోవుచున్నదా?

వాన ఇక్కడను కురియును, అక్కడను కురియును. భేదము వాన పడిన పిదప జరుగుదానియందున్నది. రేచర్ల పద్మనాయక ప్రభువులు ఏలిన దేవరకొండ దుర్గము గ్రానైటు గుట్టలపై నున్నది. బోడిగుట్టపై పడిన వాన ఒక్క జామైన నిలువక జారిపోవును. పోవుచు పైమట్టినిగూడ కొనిపోయి చెరువులో పూడికగా వేయును. నల్లమల శిలలు వేఱు. అవి అనాదికాలపు ఇసుక పొరలు గట్టిపడి శిలలైనవి. వానిలో నెఱ్ఱెలు మెండు. ఆ శిలలపై ఆకురాలి కుళ్లిన మెత్తని మట్టియు, దానిని పట్టియుంచు చెట్ల వేళ్లును కలవు. చినుకు మొదట ఆకుపై పడి వేగము తగ్గించుకొనును. పిదప మట్టిలో ఇంకును. అటుపై రాతి నెఱ్ఱెలలో దిగును. అడుగున నీటిని దిగనీయని పొర తగిలినచోట అది ప్రక్కకు నడచి, చఱియయందు ఊటగా బయటపడును. అందుచేతనే వానలు నిలిచిన పిదప మాసములు గడచినను ధార ఆగదు. వేసవిలో సన్నగిల్లును.

ఊరి లెక్కలు ఎఱిగినవారికి ఇది సులభముగా బోధపడును. వాన జమ. వరద ఖర్చు. ఆ రెండింటి నడుమ మిగులునది నిలువ. ఎంత జమ వచ్చినను ఆనాడే ఖర్చయినచో నిలువ సున్న. అడవి చేయుపని జమను పెంచుట యనుటకన్న నిలువను కాచుట యనుట సత్యము. సంక్రాంతినాడు మల్లెల తీర్థమున దుముకు నీరు శ్రావణ భాద్రపదములలో అడవి దాచిన నిలువ. కావున అది ఊరికే పోవు నీరు కాదు. దాచి, లెక్కప్రకారము ఇచ్చు నీరు.

ఈ నిలువను కాచుటకు శాసనములును కలవు. కృష్ణకు ఇరువైపుల నున్న ఈ అడవి 1978లో వన్యమృగ సంరక్షణ కేంద్రముగ ప్రకటింపబడి, 1983లో పులుల సంరక్షణ పథకములో చేరినది. 2014లో రాష్ట్రము రెండైన పిదప తెలంగాణమునకు వచ్చిన భాగమునకు అమరాబాదు పులుల అభయారణ్యమని పేరు. దాని వైశాల్యము సుమారు 2,611 చదరపు కిలోమీటర్లు. పులి యున్నచోట జింక మితిలో నుండును. జింక మితిలో నున్నచోట మొలక చెట్టగును. చెట్టున్నచోట ఊట నిలుచును. పులిని కాచుట నీటిని కాచుటయే.

శాసనములకు ఎంతో ముందే ఆ అడవిని ఇల్లుగా చేసికొన్నవారు చెంచులు. గడ్డలు త్రవ్వి, తేనె తీసి, కాయలు ఏరి బ్రదికిన జాతి యది. ఆస్ట్రియా దేశీయుడగు ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ అను పండితుడు 1940లో అమరాబాదు కొండలపై వారి నడుమ నివసించి, 1943లో వారిని గూర్చి గొప్ప గ్రంథము ప్రకటించెను. అహోబల నరసింహుడు చెంచులక్ష్మిని చేపట్టి వారి అల్లుడయ్యెనని లోకప్రసిద్ధి. 2006 నాటి అటవీ హక్కుల చట్టము అడవియందు వారికిగల హక్కును అంగీకరించినది. తీర్థమునకు పోవువారు దారిలో కనబడు చెంచుపెంటలను వినోదముగా చూచుట తగదు. అది వారి వాకిలి.

వాకిలిలోనికి వచ్చిన అతిథికి మర్యాద యున్నది. ఈ మర్యాద సలేశ్వరమున స్పష్టముగ గనబడును. అదియు ఈ అడవిలోని జలపాతమే, లింగమయ్య వెలసిన గుహ, పూజారులు చెంచులు. ఏటేట చైత్ర పౌర్ణమికి కొలది దినములు మాత్రమే అచ్చటికి పోనిత్తురు. భక్తులు పోవునప్పుడు "వస్తున్నం లింగమయ్యా" అనియు, మఱలునప్పుడు "పోయొస్తం లింగమయ్యా" అనియు కేకలు వేయుదురు. వచ్చుటకు చెప్పుట, పోవుటకు సెలవడుగుట - తీర్థయాత్ర యనగా ఇదియే.

ప్రొద్దు గ్రుంకకముందే మఱలుటయు అతిథిధర్మమే. పెద్దనామాత్యుని మనుచరిత్రములోని ప్రవరుడును ఒక్క పగటి యాత్రికుడే. సిద్ధుడిచ్చిన పసరు పాదములకు పూసికొని హిమాలయమునకు పోయెను. వింతలు చూచుచు మఱపున పడెను. మంచునీటికి పసరు కరగి తిరిగి రాలేక చిక్కుపడెను. నేడు పసరు లేదుగాని గడువున్నది. రాత్రి 9 గంటలనుండి ఉదయము 6 గంటలవఱకు ఈ అడవిదారిలో వాహనములకు అనుమతి లేదు. రాత్రి ఆ దారి మృగములది.

యాత్రికుల వలన కలుగు కీడు అల్పమని తలపరాదు. తిని పాఱవేసిన ప్లాస్టిక్ సంచిని జింక మ్రింగును. దారిప్రక్క కోతులకు వేసిన తినుబండారము వానిని బండ్లక్రిందికి రప్పించును. వేసవిలో ఆర్పక విసరిన బీడీముక్క కొండంత అడవిని కాల్చును. అట్లు కాలినది నాలుగు చెట్లు కాదు, ఆకుమట్టి యను ఖజానా. ఇక పెద్ద అపాయము వచ్చినపుడు ప్రజలు పలికిన ఫలముగూడ చూచినదే. యురేనియము కొఱకు నల్లమలను త్రవ్వుదురన్న భయము కలిగినపుడు ఊరూర నిరసన లేచెను; 2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ ఆ త్రవ్వకమునకు ప్రతికూలముగ ఏకగ్రీవ తీర్మానము చేసెను.

సాయంకాలము తిరుగు ప్రయాణమున మఱల డిండి వాగు దాటిన యాత్రికుడు తన ఊరి గుట్టను, తన ఊరి చెరువును ఒక్కమారు పరికింపవలెను. ఇక్కడ జమ తక్కువ. అందుచేతనే నిలువ ముఖ్యము. ఊట తగ్గినకొలది బోరులు లోతునకు పోవును. నల్లగొండ జిల్లాలో ఫ్లోరైడు నీరు త్రాగి నడుములు వంగినవారి కథ ఎఱుగనివారు లేరు. గుట్టపై మొలచిన చెట్టును మేకకు, గొడ్డలికి వదలక కాచుట, చెరువు పూడికను చేలకు తోలుకొనుట, కట్టుకాలువ తెగకుండ చూచుట - ఇవి గొప్ప పనులుగా కనబడవు. మల్లెల తీర్థమున అడవి చేయుచున్నదియు ఇదియే.

తీర్థమునుండి సీసాతో నీరు తెచ్చువారున్నారు. ఆ నీరు నాలుగు దినములలో అయిపోవును. ఆ లెక్కను నేర్చి తెచ్చినవారి ఊరిలో చెరువు నిలుచును.