పోసిన చేప, పుట్టిన చేప

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

సంఘం వాళ్ళు ఫోన్ చేసి పది నిమిషాలు మాట్లాడాలన్నారు. దేని గురించి అని అడిగితే, "నీకు బాగా తెలిసిన దాని గురించి" అన్నారు. ముప్పై ఏళ్ళకు పైగా ఉద్యోగం చేశాను గానీ, దాని మీద పది నిమిషాలు మాట్లాడే సరుకు నా దగ్గర లేదు. నాకు బాగా తెలిసింది గాలం. అదీ ఈ బడి ఎగ్గొట్టి నేర్చుకున్న విద్యే. గురువులు క్షమించాలి. ఇన్నేళ్ళయింది కాబట్టి ఇప్పుడు టీసీ ఇచ్చి పంపరని ధైర్యం.

మా క్లాసులో గాలం వేసేవాళ్ళం ఇద్దరం. రెండోవాడు మూడో వరుసలో కూర్చున్నాడు. పేరు చెప్పొద్దన్నాడు, చెప్పను. వాడిది రవ్వ పార్టీ, నాది కొర్రమీను పార్టీ. మన చిరాగ్‌పల్లిలో తెలుగు, ఉర్దూ, కన్నడం, మరాఠీ అన్నీ ఒకే చాయ్ హోటల్లో వినిపిస్తాయి. ఎవరే భాషలో తిట్టుకున్నా సాయంత్రానికి కలిసిపోతారు. మా ఇద్దరి పంచాయితీ మాత్రం తొమ్మిదో తరగతిలో మొదలై ఇప్పటిదాకా తెగలేదు.

ముందు వాడి పక్షం చెప్తాను. లేకపోతే వెనక నుంచి కేకలేస్తాడు.

రవ్వకు ఓపిక కావాలంటాడు వాడు. తెల్లారక ముందే ఒడ్డుకు చేరాలి. తవుడు, పల్లిచెక్క కలిపి ముద్దలు చేసి ఒకే చోట వేస్తూ ఉండాలి. చేపకు ఆ జాగా మీద నమ్మకం కుదరాలి. తర్వాత పిండి ఉండ గాలానికి పెట్టి, బెండు మీదే చూపు నిలపాలి. రవ్వ గబుక్కున మింగదు, మెల్లగా చప్పరిస్తుంది. బెండు ఒకసారి వణుకుతుంది, ఆగుతుంది, కొంచెం పక్కకు ఒరుగుతుంది. అప్పుడు లాగాలి. క్షణం ముందు లాగితే ఉత్త గాలం వస్తుంది, క్షణం తర్వాత లాగితే పిండి పోతుంది. తగిలిందా, నడి చెరువుకు పరుగు తీస్తుంది. దారం వదలాలి, తియ్యాలి, మళ్ళీ వదలాలి. "ఇది లెక్కల పరీక్షరా, నీ కొర్రమీను కుస్తీ పోటీ" అంటాడు. బొచ్చె అయితే నోరు పైకి తెరుచుకుని ఉంటుంది, నీటి పైపొరల్లో మేస్తుంది. రవ్వ నడుమ నీళ్ళలో తిరుగుతుంది. ఏ చేపకు ఎంత లోతున గాలం వేలాడాలో వాడు బెండు జరిపి చెప్పగలడు. సింగూరు వెనక నీళ్ళ దగ్గర వాడు రవ్వను అరగంట ఆడించి ఒడ్డుకు తెస్తుంటే చూశాను. ఈర్ష్య పడ్డాను కూడా. ఈ మాట వాడితో ఇప్పటిదాకా అనలేదు.

ఇక నా పక్షం. కొర్రమీను, మనవాళ్ళు కొర్రమట్ట అంటారు, హైదరాబాదు వాళ్ళు మరల్ అంటారు, నాచులో, తామర కాడల మధ్య, తుంగ పక్కన మాటేసి ఉంటుంది. దానికి మొప్పలతో పాటు పైగాలి కూడా కావాలి. పైకి వచ్చి గాలి గుటక వేయకపోతే నీళ్ళలోనే ఊపిరాడక చచ్చిపోతుంది. అందుకే అది ఎక్కడుందో మనకు దొరికిపోతుంది. నీటి మీద ఒక్క గుటక, రెండు బుడగలు. ఆ జాగాకు కొంచెం అవతల ఎర పడాలి. మెల్లగా ఇవతలికి లాగుతుంటే నీళ్ళు పగిలినట్టు చప్పుడై గెడ వంగుతుంది. అది నడి చెరువుకు పోదు, కాడల్లోకి దూరి దారం చుట్టేస్తుంది. అక్కడ ఆట లేదు, లాగడమే. కండ నిండుగా ఉంటుంది, ముండ్లు తక్కువ. మన తెలంగాణ రాష్ట్ర చేప కూడా అదే. మృగశిర నాడు హైదరాబాదులో చేప ప్రసాదం ఇస్తారే, అక్కడ నోట్లో వేసేది కూడా కొర్రమీను పిల్లనే.

ఇంతవరకు రుచుల తేడా. ఒకరికి జొన్నరొట్టె, ఒకరికి చపాతీ. కానీ చిన్నప్పుడు నేను దాన్ని న్యాయం మాటగా మార్చేవాణ్ణి. "నీది పోసిన చేపరా, నాది పుట్టిన చేప" అనేవాణ్ణి.

ఆ మాటలో కొంత నిజముంది. రవ్వ, బొచ్చె నిలువ నీళ్ళలో గుడ్లు పెట్టవు. వానాకాలం పారే నది కావాలి వాటికి. పూర్వం నదుల్లో పిల్లల్ని పట్టి తెచ్చి చెరువుల్లో పోసేవారు. 1957 జూలై 10న ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి అనే శాస్త్రవేత్త ఈ జాతి చేపలకు పీయూష గ్రంథి రసం సూదితో ఎక్కించి, చెరువులోనే గుడ్లు పెట్టించి చూపించాడు. ఇప్పుడు జూలై 10ని జాతీయ మత్స్య రైతుల దినంగా జరుపుతున్నది అందుకే. దేశంలో చెరువు చెరువుకూ రవ్వ, బొచ్చె పిల్లలు అందుతున్నాయంటే దానికి మొదలు ఆ సూదిమందు. మన చెరువులో కూడా మత్స్యకార సంఘం వాళ్ళు వానలు పడ్డాక పిల్లల్ని పోసి, ఎండాకాలం ముందు వల వేసి పడతారు. అది వాళ్ళ పంట. కొర్రమీను అట్లా కాదు. మన చెరువులోనే, మన తుంగలోనే గూడు చేసుకుని పుడుతుంది.

అందుకని నా దోస్తు సంఘం పెద్దమనిషి దగ్గరకు పోయి అడిగి, ఇంత అని ఇచ్చి గాలం వేసేవాడు. నేను అడిగేవాణ్ణి కాదు. పుట్టిన చేపకు ఎవరిని అడగాలి? దేవుడు పోసింది, నేను పట్టాను అనేవాణ్ణి.

ఆ పెద్దమనిషిని మేం కాకా అనేవాళ్ళం. ఆయన ఒక్కసారి కూడా నన్ను కసురుకోలేదు.

తొమ్మిదో తరగతి వానాకాలం. చెరువు మూలన నీటి మీద ఎర్రటి మచ్చ కనిపించింది. ఎవరో కుంకుమ చల్లినట్టుంది, కదులుతున్నది. దగ్గరకు పోతే పిల్లలు. కొర్రమీను పిల్లలు చిన్నప్పుడు ఎర్రగా ఉంటాయి, వందలు వందలుగా గుంపు కట్టి తిరుగుతాయి. కింద తల్లో తండ్రో కావలి ఉంటుంది. గుంపు దగ్గరకు ఏది వచ్చినా మీద పడుతుంది. ఆకలికి కాదు, కోపానికి. ఆ ఎర్ర గుంపులో గాలం వేస్తే పట్టడానికి విద్య అక్కర్లేదు. నేను వేశాను. మొదటి దెబ్బకే తగిలింది. మోచేయి పొడవు చేప. రోడ్డు మీద చెక్‌పోస్టు దగ్గర లారీల వాళ్ళకు వండిపెట్టే దాబాలో అమ్మితే ఏడు రూపాయలు వచ్చాయి. ఆ డబ్బుతో కంపాస్ పెట్టె కొనుక్కున్నాను. లెక్కల సారు దాన్ని చూసి మెచ్చుకున్నారు కూడా.

మూడో రోజు కాకా బడి గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. కొడతాడనుకున్నాను. "దా బిడ్డా, ఒకటి చూపిస్త" అని చెరువు మూలకు తీసుకపోయాడు. అక్కడ ఎర్ర మచ్చ లేదు. అక్కడక్కడ నాలుగైదు పిల్లలు, వాటి వెనక పరకలు తిరుగుతున్నాయి. ఒడ్డున కొంగ నిలబడి ఉంది.

"ఒకదాన్ని నువ్వు పడితివి. ఇంకోటి బెదిరి పోయింది. ఇగ వీటికెవలు దిక్కు? రవ్వను పట్టు, నాకు నష్టం. వచ్చే ఏడు మళ్ళ పోస్త. దీన్ని పోసెటోడు లేడు బిడ్డా" అన్నాడు.

అంతే. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. నేను పుట్టిన చేప, పుట్టిన చేప అని ఏ మాటతో గొప్పలు పోయానో, ఆయన అదే మాటను తిప్పి నా చేతిలో పెట్టాడు. పోసిన చేప పోతే మళ్ళీ పోస్తారు. పుట్టిన చేప పోతే పుట్టించేదే పోతుంది. అడగాల్సిన అవసరం లేదనుకున్న చేపనే నేను నిజంగా అడిగి పట్టాల్సింది.

ఈ మాట నాకు పూర్తిగా అర్థమైంది చాలా ఏళ్ళ తర్వాత, చాలా దూరంలో. మా అమ్మాయి అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలో ఉంటుంది. అక్కడికి పోయినప్పుడు సియాటిల్‌లో బల్లార్డ్ లాక్స్ చూపించింది. సముద్రం నుంచి ఎదురెక్కి వచ్చే చేపల కోసం అక్కడ నీటి మెట్లు కట్టారు, అద్దాల కిటికీల్లోంచి చూడొచ్చు. సామన్ చేపలు ఒంటి నిండా గాయాలతో ఎక్కుతుంటే పిల్లాడిలాగా గంటసేపు నిలబడ్డాను. అవి పుట్టిన వాగుకు చేరి, గుడ్లు పెట్టి చచ్చిపోతాయి. పిల్లలు కళ్ళు తెరిచేసరికి తల్లీ ఉండదు, తండ్రీ ఉండడు.

అక్కడి నదుల ఒడ్డున కూడా రెండు పార్టీలున్నాయని తెలిసి నాకు నవ్వొచ్చింది. ఒకరిది సామన్ పార్టీ, ఒకరిది స్టీల్‌హెడ్ పార్టీ. స్టీల్‌హెడ్ అంటే రెయిన్‌బో ట్రౌట్ జాతిదే, కాకపోతే సముద్రానికి పోయి తిరిగొస్తుంది. గుడ్లు పెట్టాక అన్నీ చావవు. కొన్ని సముద్రానికి పోయి మళ్ళీ వస్తాయి. సామన్ కాలంలో గుంపులుగా వస్తుంది, ఇంటికి కూర దొరుకుతుంది. స్టీల్‌హెడ్ ఒకటీ అరా వస్తుంది. చలిలో నడుము లోతు నీళ్ళలో నిలబడి వెయ్యిసార్లు విసిరితే ఒకటి తగులుతుందని దానికి పేరు. వాషింగ్టన్ రాష్ట్ర చేప కూడా అదే.

స్కైకోమిష్ నది ఒడ్డున ఒక ముసలాయన స్టీల్‌హెడ్‌ను పట్టి, నీళ్ళలోంచి పూర్తిగా ఎత్తకుండానే దాని వీపు చూసి, గాలం తీసి వదిలేశాడు. ఎందుకని మా అమ్మాయితో అడిగించాను. తోక దగ్గర వీపు మీద చిన్న రెక్క ఉందా లేదా చూశానన్నాడు. హేచరీలో పెంచి వదిలే పిల్లలకు ఆ రెక్క కత్తిరించి వదులుతారట. రెక్క లేకపోతే పోసిన చేప, ఇంటికి తీసుకుపోవచ్చు. రెక్క ఉంటే నదిలో పుట్టిన చేప, వదిలెయ్యాలి. అది అక్కడ చట్టం.

నాకు ఒక్కసారిగా చెరువు మూల, కాకా, ఆ కొంగ గుర్తొచ్చాయి. చదువు రాని కాకా తొమ్మిదో తరగతి పిల్లగానికి చెరువు ఒడ్డున రెండు వాక్యాల్లో చెప్పిన దాన్నే వాళ్ళు చట్టంగా రాసుకున్నారు. తిరిగి వచ్చాక ఆయనకు చెప్పాలనుకున్నాను. అప్పటికే ఆయన లేడు. ఇది నేను ఆయన ఉండగా చెప్పాల్సిన మాట. ఈ సభలో ఆయన ఇంటివాళ్ళు ఉంటే నా క్షమాపణ వాళ్ళు అందుకోవాలి.

2016 ఎండాకాలం మీకు గుర్తుండే ఉంటుంది. సింగూరు ఎండి నెర్రెలిచ్చింది. మన చెరువు సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆ సెప్టెంబరులో వానలు కొట్టి అన్నీ నిండాయి. నేనూ నా దోస్తూ పోయి చూశాం. సంఘం వాళ్ళు ఇంకా పిల్లల్ని పోయలేదు. నీళ్ళు మాత్రం ఉత్తగా లేవు. తుంగ పక్కన ఒక గుటక, రెండు బుడగలు. ఏ బురద గుంతలో తడి పట్టుకుని బతికిందో, ఏ కాల్వ ఎక్కి వచ్చిందో. వాడు నా భుజం మీద చెయ్యేసి, "నీ పార్టీ గెలిచింది పోరా" అన్నాడు. ఇద్దరం గాలం తియ్యకుండానే ఇంటికొచ్చాం.

ఇప్పుడు ఆ చెరువు మూలన తుంగ పలచబడింది. పోయిన రెండు వానాకాలాలు నేను ఎర్ర గుంపు చూడలేదు. నా కళ్ళకు కనిపించకపోవడమే కారణమైతే సంతోషమే. కాకపోతే ఏం చెయ్యాలి?

పిల్లలూ, అందుకే మీతో రెండు మాటలు. గాలం వెయ్యండి. సెల్‌ఫోన్ కంటే నయం, ఓపిక వస్తుంది. కానీ రవ్వ పట్టే ముందు సంఘం వాళ్ళను అడగండి, అది వాళ్ళ చెమట. మృగశిర మొదలు వానలు తగ్గేదాకా కొర్రమీను జోలికి పోకండి. ఎర్ర మచ్చ కనిపిస్తే గెడ కింద పెట్టి కూర్చుని చూడండి. అంతకంటే మంచి ఆట ఏ గాలమూ ఇవ్వదు. పట్టొద్దని చెప్పడానికి ఇక్కడ చట్టం నిలబడి ఉండదు. కాకా కూడా గేటు దగ్గర లేడు. మీరే ఉండాలి.

ఇక మా పంచాయితీ సంగతి. నాకు ఇప్పటికీ కొర్రమీనే ఇష్టం. వాడికి రవ్వే ఇష్టం. రేపు తెల్లవారి ఇద్దరం నారింజ వాగు దిక్కు పోతున్నాం. వానాకాలం కదా, నేను గెడ తీసుకపోను. వాడు బెండు చూస్తాడు, నేను తుంగ దిక్కు చూస్తాను. రావాలనుకునేవాళ్ళు తెల్లవారక ముందు బస్టాండు దగ్గరకు రండి. చాయ్ వాడు పోయిస్తాడు.

కంపాస్ పెట్టె ఇంకా నా దగ్గరే ఉంది. ఇవాళ తెచ్చాను. మన బడి లెక్కల గదిలో పెట్టమని ప్రధానోపాధ్యాయుల వారికి ఇస్తున్నాను. దాని ధర ఏడు రూపాయలని ఎవరైనా అంటే, కాదని చెప్పండి.