సైకిలు చక్రము: ఎన్నిక, కూర్పు
(పాఠశాల వార్షికోత్సవ సందర్భమున తల్లిదండ్రుల సభలో ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగపాఠము)



పై తరగతుల పిల్లలు పలువురు రోడ్డు సైకిలు కొనిపెట్టుమని మిమ్ము కోరుచున్నారు. ఆదివారము వేకువనే నందికొండకు పోవువారిని చూచి వారికిని ఆ ఉత్సాహము కలిగినది. కోరిక మంచిదే. అయితే కొనునప్పుడు మీరు రంగును, గేర్లను, బరువును విచారింతురు. చక్రమును విచారించువారు అరుదు. కొండ దిగు పిల్లవాని ప్రాణము ఆ చక్రముమీదనే యున్నది గనుక ఆ సంగతినే నేడు మనవి చేయుదుము.

మన పల్లెల ఎద్దుబండి చక్రమును తలచుకొనుడు. అందు బరువు క్రిందివైపు ఆకులమీద నిలుచును; లావైన కర్ర గనుక ఓర్చుకొనును. సైకిలు స్పోకు, అనగా పుల్ల, రెండు మిల్లీమీటర్ల తీగ మాత్రమే. దానిపై బరువు మోపిన వంగిపోవును. కావున పుల్లలన్నిటిని ముందుగనే గట్టిగా లాగి బిగింతురు. వెనుక చక్రపు కుడివైపు పుల్ల ఒక్కొక్కటి సుమారు 100 కిలోల బరువు వ్రేలాడదీసినంత బిగువుతో నుండును. చక్రము నేలను తాకినచోట ఆ బిగువు కొంత సడలును; పైకి తిరుగగనే మరల కూడుకొనును. జాబ్స్ట్ బ్రాంట్ అను ఇంజనీరు 1981లో వెలువరించిన ‘ది బైసికిల్ వీల్’ అను గ్రంథమున దీనిని విశదపరచెను. చక్రము కిలోమీటరుకు సుమారు 475 సార్లు తిరుగును. నందికొండకు పోయివచ్చు 120 కిలోమీటర్లలో 57,000 సార్లు. బిగువు చాలని పుల్ల ప్రతి చుట్టునకు పూర్తిగా వదులై మరల బిగియును. తీగను ఇటునటు వంచిన తెగునట్లు, అది హబ్బు దగ్గరి వంపులో తెగును. పిల్లవాని బరువే కారణమని కొందరందురు గాని, తరచుగా కారణము ఆ వదులుదనమే.

ఇక ఎన్నిక. మెరయు ఉక్కు రిమ్ము చూపునకు బాగుండును. తడిసినచో బ్రేకు సరిగా పట్టదు. ఇన్ని నెలలు వానలు కురియు బెంగుళూరులో అల్యూమినియము రిమ్మే కావలెను. అందును ‘డబుల్ వాల్’ అని అడుగుడు. లోపల పెట్టెవలె రెండు గోడలుండుటచే గుంతలకు త్వరగా నొక్కుకొనదు. పాత నల్ల సైకిళ్లకు ముందు 32, వెనుక 40 పుల్లలుండెడివి. పందెపు చక్రములకు 20, 24 మాత్రమే యుండుట కలదు. తేలికదనమునకు ఆశపడి బడిపిల్లలకు అట్టివి కొనుట మాకు సమ్మతము కాదు. 32లో ఒకటి తెగినను బ్రేకు వదులుచేసి మెల్లగా ఇల్లు చేరవచ్చును. 20లో ఒకటి తెగినచో చక్రము వంకరపోయి దారిలోనే నిలిచిపోవచ్చును. టైరు 28 లేక 32 మిల్లీమీటర్ల వెడల్పుదైన మేలు. టైరు మార్చునప్పుడు ‘ఇరువదియెనిమిది’ అని మాత్రమే చెప్పి మోసపోవలదు: రోడ్డు సైకిలు టైరుమీద 622 అనియు, పాత పెద్ద సైకిలు టైరుమీద 635 అనియు ఉండును. ఒకటి మరియొకదానికి పట్టదు.

చక్రమును యంత్రము కూర్చినను బెండు తీయుటకు నేర్పరియైన చేయి కావలెను. మంచి పనివాడు ఒక్కొక్క పుల్లను సాధారణముగా మూడింటిని దాటించి అల్లును. అన్నిటిని కొంచెము కొంచెముగా, సమముగా బిగించును. పిమ్మట జంటలుగా పట్టి చేతులతో గట్టిగా నొక్కి, మరల బెండు చూచును. ఈ నొక్కుట వలన పుల్లలు తమ చోట్ల కుదురుకొనును. దీనికి ఒక గంట పట్టును. అతని కూలివద్ద బేరమాడకుడు.

కొన్న నెల దినములకు మీరే పరీక్షింపవచ్చును. ఒకే వైపు పుల్లలను వ్రేలితో మీటిన దాదాపు ఒకే శ్రుతి పలుకవలెను. తంబుర తెలిసిన తల్లులకు ఇది మాకంటె బాగుగా తెలియును! వెనుక చక్రమున ఎడమవైపు శ్రుతి తగ్గియుండుట దోషము కాదు. కుడివైపు గేరుపళ్లు చోటు తీసికొనుటచే అట్లగును.

డిస్కు బ్రేకులున్న సైకిలునకు రిమ్ము బ్రేకువలన అరుగదు. రబ్బరు బ్రేకులున్నచో రిమ్ము గోడ క్రమముగా అరుగును. వాననీటి యిసుకతో మరింత త్వరగా. గోడ పళ్లెమువలె లోపలికి గుంటపడినను, అరుగుదల తెలియుటకై పెట్టిన గాడి మాసిపోయినను ఆ రిమ్మును వెంటనే మార్పించుడు. గాలి ఒత్తిడికి అది కొండదారిలో పగులవచ్చును. హబ్బు బాగున్నచో దానినే యుంచి క్రొత్త రిమ్ము, క్రొత్త పుల్లలు వేయించిన చాలును.