చేతిఫోనులోని సాక్ష్యము: మన పట్టభద్రులకు ఒక క్రొత్త విద్య

(టెక్కలిలో గ్రామ పంచాయతీ సభ్యుల నుద్దేశించి చేసిన ప్రసంగ పాఠము)



పలాసలో జీడిపప్పు బేరము, ఉద్దానమున కొబ్బరి బేరము, తీరమున చేపల బేరము నేడు చేతిఫోనుమీదనే సాగుచున్నవి. సొమ్ము వచ్చు దారినే మోసమును వచ్చుచున్నది. మూత్రపిండ వ్యాధిగ్రస్తుని మందులకు దాచిన సొమ్ము ఒక్క ఫోను పిలుపుతో మాయమైనచో ఆ కుటుంబము గతి యేమి? ఇంటిలో పడిన దొంగకు అడుగుజాడ లున్నట్లే ఫోనులో పడిన దొంగకును జాడలుండును. వానిని చెరిగిపోకుండ వెలికిదీసి, న్యాయస్థానము నమ్మునట్లు రుజువుపరచు శాస్త్రమునకు డిజిటల్ ఫోరెన్సిక్స్ అని పేరు. మన పిల్లలు దీనిని పై చదువుగా చదువుట యెట్లు, ఆ చదువు ఫలించుటకు గ్రామమున మనము చేయవలసిన దేమి అను రెండు సంగతులు మనవి చేయదలచితిమి.

టెక్కలిలో ఇంజనీరింగు కళాశాల కలదు. కంప్యూటరు శాస్త్రమున పట్టము పొందిన పిమ్మట సాఫ్ట్‌వేరు ఉద్యోగమొక్కటే దారియని తలచువారు పలువురు. వేరొక దారియు కలదు. గుజరాత్ రాష్ట్రమున గాంధీనగరమునందు జాతీయ ఫోరెన్సిక్ విజ్ఞాన విశ్వవిద్యాలయమున్నది. మొదట రాష్ట్ర సంస్థగా వెలసిన ఈ విద్యాలయము 2020లో పార్లమెంటు చేసిన చట్టముచే జాతీయ సంస్థ యైనది. ఇచట డిజిటల్ ఫోరెన్సిక్స్, సమాచార భద్రత అను విషయమున 2 సంవత్సరముల ఎం.ఎస్‌సి. చదువు కలదు. ప్రవేశపరీక్ష వ్రాసి చేరవలయును.

ఈ విద్యలో మొదటి పాఠము ఓర్పు. నిపుణుడు అసలు డిస్కుపై పనిచేయడు. దానికి ఏమాత్రము మార్పు రానీయక నకలు తీసి, నకలునే పరీక్షించును. నకలు అసలుతో సరిపోవుచున్నదని చూపుటకు ‘హాష్’ అను గుర్తును గణించును. ‘షా-256’ అను పద్ధతిలో ఆ గుర్తు 64 అంకెలు, అక్షరములు గలదై యుండును. పలాస వ్యాపారి డబ్బాకు వేసిన సీలు, డబ్బా తెరువబడినదా లేదా యని మాత్రమే చెప్పును. ఈ గుర్తు లోపల ఒక్క పలుకు మారినను పట్టియిచ్చును.

తుడిచివేసిన దానిని వెదకుట రెండవ పాఠము. రిజిస్టరులో విషయసూచిక పుట చింపినంతమాత్రమున లోపలి పుటలు పోవు. పాత కంప్యూటరు డిస్కునందు ఫైలు తుడుచుట అట్టిదే. క్రొత్త వ్రాత పడువరకు పాత వ్రాత దొరకవచ్చును. నేటి చేతిఫోను సంగతి వేరు. అందలి సమాచారము రహస్యలిపిలో తాళమువేసి యుండును. ఫోనును పూర్తిగా చెరిపి మొదటి స్థితికి తెచ్చినచో ఆ తాళపుచెవియే నశించును. పిదప ఎంత చదివిన నిపుణుడును ఫోనులో పోయిన సమాచారమును చదువజాలడు.

ఈ విద్యకు చట్టమున నేడు గొప్ప స్థాన మేర్పడినది. 2024 జూలై 1 నుండి అమలునకు వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమము 63వ సెక్షను ప్రకారము ఎలక్ట్రానిక్ రికార్డుతో ధ్రువపత్రము దాఖలు చేయవలయును. అందు ఒక భాగమును రికార్డు దాఖలుచేయు పక్షమువారును, రెండవ భాగమును నిపుణుడును పూర్తిచేయవలయును. హాష్ గుర్తును అందు కనబరుపవలయును. 7 సంవత్సరములు లేక అంతకు మించి శిక్షపడదగు నేరములలో ఫోరెన్సిక్ నిపుణుడు నేరస్థలమునకు పోవలయునని భారతీయ నాగరిక సురక్షా సంహిత 176వ సెక్షను చెప్పుచున్నది. దీనిని అమలుపరచుటకు రాష్ట్రములకు 5 సంవత్సరముల గడువు కలదు. కావున ఈ విద్య నేర్చినవారి అవసరము పెరుగును.

అయితే సోదరులారా, నిపుణుడు రాకమునుపే సాక్ష్యము గ్రామముననే నశించిన ప్రయోజనమేమి? మోసము జరిగినంతనే భయపడి, తెలిసిన కుర్రవానిచే ఫోనును చెరిపించుట తగదు. ఇంటర్నెట్టును ఆపివేసి, వేరొక ఫోనునుండి వెంటనే 1930 నంబరునకు తెలుపవలయును, బ్యాంకునకును చెప్పవలయును. సందేశములను తుడువరాదు. పోలీసువారు ఫోనును స్వాధీనపరచుకొనునపుడు మధ్యవర్తిగా సంతకము చేయు సభ్యుడు, ఫోను రకము, ఐ.ఎం.ఇ.ఐ. సంఖ్య పత్రమున వ్రాయబడినవో లేదో చూచి మరి సంతకము చేయవలయును.

ఫోటోల విషయమునను ఇంతే. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస సమీపమున తీరము దాటి కొబ్బరి, జీడితోటలను కూల్చివేసినది. అట్టి విపత్తు మరల వచ్చినచో, కూలిన చెట్ల ఫోటోల అసలు ప్రతులను తీసిన ఫోనులోనే భద్రపరుపుడు. తీసిన వేళయు, అనుమతి యిచ్చియున్నచో స్థలమును, ఆ ప్రతిలో దాగియుండును. వాట్సాప్‌లో ఫోటోగా పంపిన ప్రతిలో ఈ వివరములు సాధారణముగా రాలిపోవును.

మీ గ్రామమున కంప్యూటరు శాస్త్రమున పట్టము పొందినవారెవరో విచారించి, వారి తల్లిదండ్రులకు ఈ చదువును గూర్చి తెలుపుడు. ఆడపిల్లలకును ఇది తగిన విద్యయే. ఆ బిడ్డ చదువు ముగించి వచ్చునంతవరకు సాక్ష్యమును కాపాడు పని మనది. అటుపై దానిచేత నిజము చెప్పించు పని ఆ బిడ్డది.